హిక్కిమ్ దాకా సైకిలు మీద

ఆదివారం ఆదివారం మేము అయిదుగురం తొట్లకొండ ఎక్కుతాం. విశాఖ నుంచి భీమిలి వెళ్లే సముద్రం రోడ్డు మీద సైకిళ్లు తొక్కుకుంటూ వచ్చి, కొండదారి మొదలయ్యాక గేర్లు మార్చి, రొప్పుతూ పైకి చేరతాం. స్తూపం చుట్టూ ఒకసారి నడిచి, బయట చెట్ల నీడన కూర్చుని, తెచ్చుకున్న ఇడ్లీలు తిని దిగుతాం. మూడేళ్లుగా ఇదే అలవాటు. ఈ వేసవిలో అక్కడే ఒక ప్రయాణం మాట పుట్టింది. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్లాలి. కాజా పట్నం పైనున్న లాంగ్జా, కోమిక్, హిక్కిమ్ గ్రామాలను కలిపే కొండదారిలో సైకిలు తొక్కాలి.

ఇంకా వెళ్లలేదు. వెళ్లి వచ్చాక రాయవచ్చు కదా అని మిత్రులు అన్నారు. కానీ మాకు చెప్పాలనిపించిన విషయం ప్రయాణంలో లేదు, దాని ఏర్పాట్లలో ఉంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాం.

మా గురించి రెండు మాటలు. మాలో ఒకరు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. ఒకరు బడి పంతులమ్మ. ఒకరు బ్యాంకులో పనిచేసే తమ్ముడు. ఒకరు కంప్యూటర్ ఉద్యోగం చేసే తమ్ముడు. అయిదో ఆయనను మేమంతా బాబాయి అంటాం. వయసు అరవై ఒకటి. అనకాపల్లి వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా ఉత్తరాలు పంచి రిటైరయ్యారు. ఆ ముప్పై ఏళ్లూ సైకిలు మీదే.

హిక్కిమ్ పేరు ఎత్తింది బాబాయే. సముద్రమట్టానికి దాదాపు 4,400 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ చిన్న ఊరిలో 1983 నుంచి ఒక పోస్టాఫీసు నడుస్తోంది. ప్రపంచంలో బాగా ఎత్తున ఉన్న పోస్టాఫీసుల్లో అదొకటి. అక్కడి టపా సంచీ కాలినడకన కాజాకు దిగివచ్చేది. చలికాలం మంచు పడితే ఆఫీసు మూతపడుతుంది. ఈ సంగతి ఉద్యోగంలో ఉండగా ఎక్కడో చదివి, బాబాయి మనసులో పెట్టుకున్నారు. "అక్కడ డబ్బాలో ఒక్క కార్డు నా చేత్తో ఎయ్యాలమ్మా" అన్నారు. అంతే, అందరికీ పట్టుకుంది.

మొదటి పథకం తమ్ముళ్లిద్దరూ వేశారు. మనాలిలో సైకిలు ఎక్కి, రోహతాంగ్ దాటి, గ్రాంఫూ మీదుగా బాతల్ చేరి, 4,500 మీటర్లు దాటే కుంజుమ్ కనుమ ఎక్కి, లోసర్ మీదుగా కాజాలో దిగడం. దాదాపు రెండు వందల కిలోమీటర్లు, నాలుగు రోజులు. రానూపోనూ ప్రయాణంతో కలిపి పది రోజుల సెలవు. కాగితం మీద అందంగానే ఉంది. చంద్రా నది పక్కన రాళ్ల దారి, చుట్టూ మంచుకొండలు, వాగులు రోడ్డు మీద నుంచే పారే చోట్లు. గేరు సైకిలు ఉన్న ఎవరికైనా నోరూరుతుంది.

నర్సు చెల్లెలు ఆ కాగితం తీసుకుని, ప్రతి రాత్రి పడుకునే చోటు పక్కన ఎత్తు రాసింది. మనాలి 2,050 మీటర్లు. రెండో రాత్రికి బాతల్, సుమారు 3,950. "పగలు ఎంత ఎక్కామన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది ముఖ్యం" అంది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒకే చోట రెండు రాత్రులు ఆగాలనీ కొండ వైద్యం తెలిసినవాళ్లు చెబుతారు. మా పథకం రెండు రాత్రుల్లో రెండు వేల మీటర్లు ఎక్కిస్తోంది. కాజా ఎత్తులో గాలి ఒత్తిడి మన సముద్రతీరంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. కోమిక్‌లో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. పీల్చే ప్రతి ఊపిరిలో ఆ మేరకు ప్రాణవాయువు తగ్గుతుంది. శరీరం దానికి అలవాటు పడుతుంది, కానీ దానికి రోజులు కావాలి. కండబలంతో ఆ రోజులను తగ్గించలేం. ఇరవై అయిదేళ్ల వస్తాదుకైనా తలనొప్పి, వాంతులు రావచ్చు. అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరి ప్రాణం పోవచ్చు.

అక్కడే గొడవ మొదలైంది. నెమ్మదిగా ఎక్కాలంటే సిమ్లా వైపు నుంచి వెళ్లాలి. పది రోజులు కాస్తా పదిహేడు అవుతాయి. బ్యాంకు తమ్ముడికి అంత సెలవు దొరకదు. పైగా కుంజుమ్ కనుమ ఎక్కాలన్నది అతని చాలా కాలపు కోరిక. మాటా మాటా పెరిగింది. "ఒక్క ముసలాయన కోసం అందరం ఆగాలా? ఆయన్ని జీపులో రమ్మనండి, మనం సైకిళ్ల మీద వెళ్దాం" అన్నాడు. బాబాయి కొంచెం దూరంలో సీసాలో నీళ్లు పోసుకుంటున్నారు. విన్నారని మాకు తెలిసింది. ఆ రోజు ఎవరమూ సరిగ్గా తినలేదు. దిగేటప్పుడు ఎవరి దారి వారిదే అయింది.

నిజం చెప్పాలంటే, ఆ మాట అన్నది ఒక్కడే అయినా, మనసులో అనుకున్నది అతనొక్కడే కాదు. కన్నెర్ర చేసినవాళ్లలోనూ ఇద్దరం అంతకుముందు రాత్రి అదే లెక్క వేసుకున్నాం.

తరువాతి ఆదివారం బాబాయి అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. కోపం లేదు. "ఉత్తరం ఎయ్యడానికి జీపెందుకురా?" అని నవ్వి, ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన తిరిగే ఊళ్లలో ఒక ఊరికి ఒకే పెద్ద వీధి. దాని చివర పేట. పేటకు ఉత్తరం ఇవ్వాలంటే ఆ వీధిలోంచే వెళ్లాలి. అరుగుల మీద పెద్దమనుషులు కూర్చుని ఉంటే సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్లాలి. ప్రభుత్వం ఇచ్చిన ఖాకీ చొక్కా ఒంటిమీద ఉన్నా, సంచీలో వాళ్ల మనియార్డర్లే ఉన్నా సరే, దిగాలి. దాదాపు రెండేళ్లు దిగారు. ఒక రోజు వానలో, మోకాలు నొప్పితో, దిగలేదు. ఆ రోజు ఏమైందో చెప్పలేదు. మేమూ అడగలేదు. "ఆ తరవాత మళ్లీ దిగలేదు" అని మాత్రం అన్నారు.

"అందుకని నన్ను మోసుకెళ్లండని కాదు. నా గుండె నన్ను దిగమంటే దిగుతాను. మనిషి దిగమంటే మాత్రం దిగను." ఇంత చెప్పి ఇడ్లీ డబ్బా తెరిచారు.

బ్యాంకు తమ్ముడు చాలాసేపు తల దించుకుని కూర్చున్నాడు. పంతులమ్మ మెల్లగా సోణుడి కథ ఎత్తింది. సుకుమారంగా పెరిగిన కుర్రవాడు భిక్షువై, పట్టుదలతో పాదాలు నెత్తురు కారేదాకా చంక్రమణం చేస్తే, బుద్ధుడు వచ్చి వీణ తీగలను గురించి అడిగిన కథ. మా పాఠకులకు కొత్తది కాదు. "తీగ బిగుతు చూడాలి సరే అక్కా, సెలవు బిగుతు ఎవరు చూస్తారు?" అన్నాడు తమ్ముడు. అందరం నవ్వాం. నవ్వాక పని మొదలైంది.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాం. బాబాయి ఒక్కరే కాదు, అయిదుగురం. అదీ బాబాయే పెట్టిన షరతు. ఆయనకు రక్తపోటు ఉంది, మాత్రలతో అదుపులో ఉంది. నడక యంత్రం మీద పరీక్షలో తేడా ఏమీ కనపడలేదు. నెమ్మదిగా ఎక్కితే వెళ్లవచ్చనీ, అయితే ఎవరికీ హామీ ఇవ్వలేననీ డాక్టరు చెప్పారు. మాకు నచ్చింది ఆ రెండో మాటే. విచిత్రం ఏమిటంటే, కంప్యూటర్ తమ్ముడి రక్తపోటే ఎక్కువని తేలింది. అతనికి ముప్పై నాలుగు. ఇన్నాళ్లూ కొలిపించుకోనే లేదు. ఇప్పుడు అతనూ మాత్రలు వేసుకుంటున్నాడు. కొండ మందుల విషయం కూడా డాక్టరుకే వదిలేశాం. సల్ఫా మందులు పడనివాళ్లకు ఆ మాత్రలు ప్రమాదం కావచ్చట. ఎవరో చెప్పారని మందుల దుకాణంలో కొనుక్కునే వస్తువు కాదు అది.

రెండో పథకం ఇలా కుదిరింది. విశాఖ నుంచి రైలులో ఢిల్లీ, అక్కడి నుంచి సిమ్లా. సిమ్లా 2,200 మీటర్లు, ఒక రాత్రి. తరువాత బస్సులో సట్లెజ్ లోయ వెంట రాంపూర్ మీదుగా రెకాంగ్ పియో, దాని పైనున్న కల్పా. అక్కడ 2,900 మీటర్ల దగ్గర రెండు రాత్రులు. ఎదురుగా కిన్నౌర్ కైలాస్ కనిపిస్తూ ఉంటుంది, ఊరికే కూర్చోవడం కష్టం కాదు. తరువాత ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలిసే చోటు దాటి నాకో. నాకో అందమైన ఊరు, చెరువు ఉంది. అందరూ అక్కడ ఆగుతారు. మేము ఆగం. అది 3,600 మీటర్లకు పైనే. కల్పా నుంచి ఒక్క రోజులో అక్కడికెక్కి పడుకుంటే ఏడు వందల మీటర్లు పెరిగినట్టు. దాటి ముందుకు వెళితే తాబో 3,280 మీటర్లే. కాబట్టి నాకో పగలు చూసి, రాత్రికి తాబోకు దిగుతాం. తాబోలో రెండు రాత్రులు. సైకిళ్లు అక్కడ విప్పుతాం.

తాబో నుంచి కాజా 47 కిలోమీటర్లు. నది పక్కన మెల్లమెల్లగా ఎక్కే దారి. ఒక రోజు. కాజాలో ఒక రోజు విశ్రాంతి. తరువాత కీ గోంపా దాకా ఎక్కి, అదే రోజు దిగి, మళ్లీ కాజాలోనే పడుకోవడం. పైకి వెళ్లి చూసి, కిందికి వచ్చి పడుకోవడం కొండవాళ్ల పాత సూత్రం. ఆ తరువాత ఒక రోజు ఖాళీ. ఆపైన అసలు దారి. కాజా నుంచి లాంగ్జా, అక్కడి నుంచి కోమిక్, హిక్కిమ్, తిరిగి కాజా. మొత్తం సుమారు నలభై కిలోమీటర్లు. కోమిక్ 4,587 మీటర్లు. అంటే ఒక్క రోజులో తొమ్మిది వందల మీటర్లకు పైగా ఎక్కి, అంతా దిగాలి.

ఆ ఖాళీ రోజు దగ్గరే మా ప్రయాణమంతా ఆగి ఉంది. బ్యాంకు తమ్ముడికి చివరికి పన్నెండు రోజుల సెలవు దొరికింది. విమానంలో చండీగఢ్ వచ్చి సిమ్లాలో మమ్మల్ని కలుస్తాడు. లెక్క వేస్తే, ఖాళీ రోజు వాడుకోకుండా మర్నాడే హిక్కిమ్ వెళితే అతనూ రాగలడు. వాడుకుంటే రాలేడు, కాజా నుంచి బస్సెక్కి దిగిపోవాలి. ఇది మేము చెప్పకముందే అతనే కాగితం మీద రాశాడు. "బాబాయికి ఆ రోజు విశ్రాంతి కావాలంటే నేను దిగిపోతాను. ఆయన్ని అడగవద్దు, నర్సక్కను అడగండి." బాబాయిని అడిగితే అతని కోసం బాగానే ఉన్నానంటారని అతనికి తెలుసు. మొదట అలా మాట్లాడినవాడే ఇది రాశాడు. మేమెవరం రాయలేదు.

ఇక సైకిళ్లు. బాబాయి పాత నల్ల సైకిలు లెక్క ఒకటి చేశాం. దాని ముందు పళ్లచక్రానికి 48, వెనక 20 పళ్లు. పెడలు ఒక్క చుట్టు తిప్పితే బండి దాదాపు అయిదు మీటర్లు వెళ్తుంది. ఇప్పుడు ఆయనకు కుదిర్చిన మౌంటెన్ బైకుకు ముందు 32, వెనక పెద్ద చక్రానికి 46. ఒక్క చుట్టుకు మీటరున్నర పైచిలుకు. "ఇదేట్రా, నడిచినట్టే ఉంది" అన్నారు. నడిచినట్టే ఉండాలి. గాలి పలచనైన చోట మాట్లాడగలిగినంత నెమ్మదిగా తొక్కాలి. పక్కవాడితో ఒక పూర్తి వాక్యం చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టు లెక్క. దిగేటప్పుడు మరో జాగ్రత్త. బ్రేకు అదేపనిగా నొక్కి పట్టుకుంటే వేడెక్కి పట్టు వదులుతుంది. మలుపుకు ముందే రెండూ కలిపి నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదలాలి. కంకర మీద ముందు బ్రేకు ఒక్కటే నొక్కితే నేల మీద ఉంటాం. ఇది మాకు అనంతగిరి ఘాట్ రోడ్డు నేర్పింది. శృంగవరపుకోట నుంచి కాఫీ తోటల మధ్య అరకు దాకా రెండుసార్లు ఎక్కి దిగాం. కాళ్లకు అది చాలు. ఊపిరికి చాలదు. మన తూర్పు కనుమల్లో ఎంత ఎత్తైన శిఖరమూ పదిహేడు వందల మీటర్లు లేదు. ఆ అభ్యాసం ఇక్కడ కుదరదని ఒప్పుకోవడం కూడా ఏర్పాటులో భాగమే.

సామాను జాబితాలో బ్రేకు ప్యాడ్లు, ట్యూబులు, చైను లింకులు, గాలి పంపు, పంచరు సామాను, వెనక గేరును పట్టి ఉంచే చిన్న కొక్కెం ఉన్నాయి. ఆ కొక్కెం విరిగితే స్పితిలో ఎక్కడా దొరకదు. ఒక్కొక్క సైకిలుకు ఒక్కో తీరు కొక్కెం కాబట్టి ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. వేలికి తగిలించి ప్రాణవాయువు కొలిచే చిన్న యంత్రం ఒకటి. నగదు. గాలి కోటు. నీళ్లు మనిషికి మూడు లీటర్లు.

నీళ్ల మాట వచ్చినప్పుడు మేము కూర్చున్న కొండను మళ్లీ చూశాం. తొట్లకొండకు ఆ పేరే రాతిలో తొలిచిన తొట్ల వల్ల వచ్చింది. పక్కనున్న బావికొండకు వాననీరు నిలిపే బావుల వల్ల. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ ఉండాలనుకున్న భిక్షువులు ముందు నీళ్ల సంగతి తేల్చుకున్నారు. కొండ మీద సొగసు ఎవరికైనా కనిపిస్తుంది. ఎండాకాలం నీళ్లు ఎక్కడివి అని అడిగినవాళ్లే అక్కడ నిలవగలిగారు.

వర్షావాసం మీద కూడా ఒక చర్చ జరిగింది. మేము సెప్టెంబరు రెండో సగంలో వెళ్తున్నాం. జులై, ఆగస్టుల్లో కిన్నౌర్ దారిలో కొండచరియలు విరిగిపడతాయి. అక్టోబరు గడిచేకొద్దీ చలి ముదురుతుంది. ఆశ్వయుజ పున్నమి దాకా ఆగకూడదా అని పంతులమ్మ అడిగింది. అది భిక్షువుల నియమం, మనకు లేదు. కానీ ఆ నియమం ఎలా వచ్చిందో గుర్తు చేసుకుంటే మాకు పనికొచ్చింది. వానల్లో తిరుగుతూ పచ్చని మొలకలను, చిన్న ప్రాణులను తొక్కుతున్నారని జనం మాట అన్నందుకే కదా అది వచ్చింది. స్పితివాళ్లు ఉన్న కొద్ది నేలలో బార్లీ, బఠాణీ పండిస్తారు. ఏడాదికి ఒకే పంట. కాబట్టి దారి వదిలి పచ్చిక మీదికి, గట్ల మీదికి సైకిలు ఎక్కించం. ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారి ఇస్తాం. గొర్రెలు, యాక్‌లు ఎదురైతే దిగి నిలబడతాం. మణి గోడలు కుడిచేతి పక్కన ఉండేలా వెళ్తాం. లాంగ్జాలో పాత సముద్రపు శంఖాలు రాళ్లై దొరుకుతాయి, ఒక్కటీ సంచీలో వేసుకోం.

గోంపాల గురించి కూడా అనుకున్నాం. తాబో 996లో కట్టింది. అక్కడి దారి వజ్రయానం, పూజలు మనవాటిలా ఉండవు. వాదనకు వెళ్లడం లేదు. కాలచక్రం ధాన్యకటకంలో బోధించారని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. దలైలామా ఆ దీక్షను 2000లో కీ గోంపాలో ఇచ్చారు, 2006లో మన అమరావతిలో ఇచ్చారు. బాబాయి అప్పుడు అమరావతి వెళ్లి, టిబెటన్ ముసలమ్మల పక్కన కూర్చుని టీ తాగారు. "వాళ్లు మన ఊరొచ్చారు, మనం వాళ్ల ఊరెళ్తున్నాం" అన్నారు. మాకు అది చాలు.

చివరిగా రాసింది వెనక్కి తిరిగే నియమం. కాగితంలో అన్నిటికంటే పైన ఉంది. తలనొప్పితో పాటు వాంతి వచ్చినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, సుద్దగీత మీద మడమకు వేలు తగిలించి తిన్నగా నడవలేకపోయినా దిగాలి. ఒక్కరు దిగితే వెంట ఇంకొకరు దిగాలి. మధ్యాహ్నం రెండు గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. దీని మీద ఓటింగు లేదు, బతిమాలడం లేదు. గీత మీద నడిచే పరీక్ష తొట్లకొండ దిగువన నేల మీద గీత గీసి అందరికీ పెట్టింది నర్సు చెల్లెలు. బాబాయి సూదిలా నడిచారు. తూలినవాడు బ్యాంకు తమ్ముడు. నవ్వొచ్చిందన్నాడు.

బాబాయి ఆ కాగితం చదివి ఒక్క వాక్యం కలిపారు. "నేను ఆగిపోతే ఉత్తరం ఆగకూడదు. ఎవరు పైకెళితే వాళ్లు డబ్బాలో ఎయ్యాలి." నా చేత్తో వేయాలి అన్నాయనే ఇది అన్నారు. ముప్పై ఏళ్లు ఇతరుల ఉత్తరాలు మోసిన మనిషికి, ఉత్తరం కంటే మోసేవాడు గొప్ప కాదని ఒకరు చెప్పాలా?

కార్డు ఇప్పటికే కొన్నారు. చిరునామా కూడా రాశారు. మేము అనుకున్నట్టు మనవరాలికి కాదు. ఆ ఊరి పేటలో కుర్రాళ్లు నడుపుతున్న అంబేద్కర్ గ్రంథాలయానికి. ఇప్పుడు అక్కడ ఉత్తరాలు పంచుతున్నది ఒక అమ్మాయి. స్కూటీ మీద తిరుగుతుందట. పేటకు వెళ్లాలంటే ఇప్పటికీ ఆ పెద్ద వీధిలోంచే వెళ్లాలి.

రైలు టిక్కెట్లు తీశాం. సైకిళ్లకు అట్టపెట్టెలు సంపాదించాలి, కంప్యూటర్ తమ్ముడి రక్తపోటు మరోసారి చూపించాలి, బాబాయి చేతి తొడుగులు బిగుతైతే మార్చాలి. ఇంకా మూడు ఆదివారాలు ఉన్నాయి.